కార్జం చూడకుండా ఇచ్చిన కితాబు

మైపాడు సముద్రం బాగుందని చెప్పడానికి మూడు మాటలు చాలాకాలంగా చలామణిలో ఉన్నాయి. నీళ్లు పరీక్ష చేస్తే భారలోహాలు పరిమితి లోపే వచ్చాయట. చేప ముక్కలోనూ పరిమితి లోపేనట. అన్నిటికీ మించి, ఒడ్డున చచ్చిన చేపలు తేలలేదు కదా! ఈ మూడూ కలిస్తే అధికారికి ఫైలు మూసే వీలు చిక్కుతుంది, పరిశ్రమకు నిశ్చింత, నెల్లూరు నుంచి ఆదివారం షికారుకొచ్చిన కుటుంబానికి పులుసు మీద బెంగ ఉండదు. మూడూ నిజమే అనుకుందాం. ఆ మూడు నిజాల్లోంచి ‘కాబట్టి చేప ఆరోగ్యంగా ఉంది’ అనే నాలుగో మాట ఎలా పుట్టిందన్నదే నా పేచీ. లోహం చేపను దెబ్బతీసేది ముందుగా దాని కాలేయంలో. చేపలు కోసే ఆవిడ పొట్ట చీల్చి పేగులతో పాటు కార్జాన్ని ఎలా అవతల పారేస్తుందో, ఈ వాదన కూడా అంత సునాయాసంగా దాన్ని అవతల పారేసింది.

ఒక అపార్థానికి ముందే అడ్డుకట్ట వేయాలి. మైపాడు చేప విషమని నేను అనడం లేదు. ఈ వ్యాసం చదివి రేపటి నుంచి వంజరం మానేస్తే నా మాట మీకు చేరనట్టే లెక్క. సముద్రానికి ఆరోగ్య ధ్రువపత్రం రాస్తున్నవాళ్లు పిలవాల్సిన సాక్షిని పిలవలేదని మాత్రమే అంటున్నాను.

ఇక ఊరి సంగతి. ఇందుకూరుపేట మండలంలో, నెల్లూరుకు పాతిక కిలోమీటర్ల లోపున్న ఈ తీరాన్ని చాలామంది పిక్నిక్ చోటుగానే ఎరుగుదురు. పటం ముందుపెట్టుకుంటే వేరే బొమ్మ కనిపిస్తుంది. ఉత్తరాన సుమారు పది కిలోమీటర్లలో పెన్న సముద్రంలో కలుస్తుంది. నెల్లూరు పట్నం మురుగూ, మెట్ట ప్రాంతాల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రూ దాని వెంట వస్తాయి. దక్షిణాన ముప్పై కిలోమీటర్ల లోపు కండలేరు ఉప్పుటేరు, దాని మొగలో 2008 నుంచి నడుస్తున్న కృష్ణపట్నం ఓడరేవు, అక్కడ దిగే బొగ్గు, ఆ బొగ్గును కాల్చే విద్యుత్ కేంద్రాలు. నేలటూరులోని జెన్‌కో వారి దామోదరం సంజీవయ్య కేంద్రం ఒక్కటే 2400 మెగావాట్లు. చుట్టుపక్కల ప్రైవేటు కేంద్రాలు సరేసరి. బకింగ్‌హాం కాలువ, రొయ్యల గుంటలు పెన్నకూ కృష్ణపట్నానికీ నడుమ పరుచుకుని ఉన్నాయి. ఇప్పుడు దీనికి సముద్రం నడకను జోడించండి. మన తీరం వెంట ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తర దిక్కుకు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణ దిక్కుకు సాగుతుంది. అంటే ఎండాకాలంలో మైపాడు కృష్ణపట్నానికి దిగువన ఉంటుంది. ఈశాన్య వానల కాలంలో పెన్నకు దిగువన ఉంటుంది. ఏడాదిలో రెండు వైపుల నుంచీ వరసగా వచ్చే నీళ్లను అందుకునే ఊరు ఇది. ‘అబ్బే, ఇక్కడ ఫ్యాక్టరీ ఏముంది?’ అని తీసిపారేసేవాళ్లు ఈ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి.

లోహాలు అనగానే పొగగొట్టాల వైపే వేలు చూపడం కూడా సగం నిజమే. బొగ్గు బూడిదలో ఆర్సెనిక్, పాదరసం, సీసం, కాడ్మియం, క్రోమియం, సెలీనియం లాంటివి కొద్దికొద్దిగా ఉంటాయన్నది పాఠ్యపుస్తకాల విషయం. వేల మెగావాట్ల బొగ్గు కాలే చోట ఆ కొద్దికొద్దీ ఎంతవుతుందో లెక్క వేసుకోవచ్చు. అయితే గుంటల్లో నాచు చంపడానికి చల్లే మైలుతుత్తం రాగి కాక మరేమిటి? పడవ అడుగుకు చిప్పలు పట్టకుండా పూసే రంగులో రాగి ఉంటుంది. వలకు బరువుగా కట్టే గుళ్లు సీసం. మేతలో కలిపే ఖనిజ మిశ్రమాల్లో రాగి, జింకు ఉంటాయి. కాబట్టి ఇది కేవలం వాళ్ల పాపం కాదు, అందులో మన వాటా ఉంది. సైదాపురం మైకా నేలల జిల్లా మనది కాబట్టి లోహాలు రాళ్లలోంచే సహజంగా వస్తున్నాయని ఇంకొక వాదన ఉంది. కొంత రావచ్చు. కాని కాడ్మియం కొండలోంచి వచ్చిందా, గొట్టంలోంచి వచ్చిందా అని చేప కాలేయం ఊరు పేరు అడిగి చేర్చుకోదు. పైగా సహజం ఎంత, మనం కలిపింది ఎంత అని తేల్చడానికే అడుగు మట్టిని లోతుగా తవ్వి పొరలు పొరలుగా చూడాలి. ‘సహజమే’ అన్న మాటను పరీక్షకు బదులుగా వాడుతున్నారు, పరీక్ష ఫలితంగా చెప్పడం లేదు.

కాలేయమే ఎందుకు? చేప తిన్నది పేగులో అరిగాక, పేగు నుంచి వచ్చే రక్తం నేరుగా గుండెకు పోదు. ముందు కాలేయంలోకి వెళ్తుంది. మొప్పల గుండా వచ్చిన లోహం కూడా రక్తంలో తిరిగి తిరిగి అక్కడికే చేరుతుంది. కాలేయ కణాల్లో మెటలోథయోనిన్ అనే చిన్న ప్రొటీన్ ఉంటుంది. దీన్ని 1957లో గుర్రం మూత్రపిండంలో తొలిసారి గుర్తించారు, అదీ కాడ్మియాన్ని పట్టుకుని ఉండగా. గంధకం నిండిన ఈ ప్రొటీన్ కాడ్మియం, రాగి, జింకు, పాదరసం అణువులను బిగించి పట్టుకుని కణంలో మిగతా యంత్రాంగానికి తగలకుండా కాపు కాస్తుంది. లోహం పెరిగితే కాలేయం ఈ ప్రొటీన్‌ను మరింత తయారు చేస్తుంది. ‘చూశారా, ప్రకృతే సర్దుకుంటుంది’ అని నిశ్చింతవాదులు ఇక్కడ చప్పట్లు కొడతారు.

ఆ సర్దుబాటు ఉచితం కాదు. ఎదుగుదలకు, వలసకు, గుడ్లకు పోవాల్సిన శక్తి, ప్రొటీన్ కాపలాకు పోతాయి. కాపలా సామర్థ్యాన్ని దాటి లోహం వచ్చినప్పుడు మిగిలింది పక్కకు పొర్లుతుంది. ఎంజైముల్లో జింకు కూర్చోవాల్సిన పీట మీద కాడ్మియం కూర్చుంటుంది. కణపొరల్లోని కొవ్వు ఆక్సీకరణకు లోనై చెడుతుంది. సూక్ష్మదర్శిని కింద అప్పుడు కనిపించే మార్పులను చేపల వైద్యం చదివినవాళ్లు సులువుగా గుర్తుపడతారు. కణాల్లో ఖాళీ సంచుల్లాంటి బుడగలు, పేరుకున్న కొవ్వు, కుంచించుకుపోయిన కేంద్రకాలు, ఉబ్బిన రక్తమార్గాలు, అక్కడక్కడ చచ్చిన కణజాలపు మచ్చలు, నల్లటి వర్ణకంతో నిండిన రక్షక కణాల గుంపులు. ఒక్కొక్క మార్పుకు వేరే కారణాలూ ఉండొచ్చు. ఆకలి, పురుగు, చమురు, పురుగుమందు కూడా కాలేయాన్ని ఇలాగే పాడుచేయగలవు. అందుకే కణజాలం ఒక్కటే చూస్తే చాలదు, అదే కాలేయంలో లోహం ఎంత ఉందో కూడా కొలవాలి. ఈ దశలన్నిటిలోనూ చేప ఈదుతూనే ఉంటుంది. వలలో పడుతుంది. మార్కెట్‌లో మెరుస్తుంది. మొప్పలు ఎర్రగానే ఉంటాయి. తాజాదనం చూడ్డానికి నెల్లూరు గృహిణి దగ్గరున్న ఏ పరీక్షకూ ఇది దొరకదు.

కాలేయాన్ని చూసి నీటి ఆరోగ్యం చెప్పడమన్నది విదేశీ శాస్త్రవేత్తల వింత ఊహ అనుకునేవాళ్లు ఒకసారి గుంట గట్టెక్కి చూడండి. ఇందుకూరుపేట చుట్టుపక్కల ఏ రొయ్యల రైతైనా పొద్దున చెక్ ట్రే పైకి లేపగానే ముందు చూసేది ఏమిటి? రొయ్య తలలోని హెచ్‌పీ. హెపటోపాంక్రియాస్ అని పూర్తి పేరు, రొయ్యకు కాలేయమూ క్లోమమూ అదే. అది ముదురు గోధుమ రంగులో నిండుగా ఉంటే ఊపిరి పీల్చుకుంటాడు. పాలిపోయినా, కుంచించుకుపోయినా ‘హెచ్‌పీ పోయిందబ్బా’ అని టెక్నీషియన్‌కు ఫోన్ చేస్తాడు. అప్పటికి ఒక్క రొయ్య కూడా చచ్చి ఉండదు. నీళ్ల పరీక్షలో పీహెచ్, ఉప్పదనం, అమ్మోనియా అన్నీ సరిగ్గానే ఉండొచ్చు. అయినా నీటి కాగితం కంటే రొయ్య లోపలి అవయవాన్నే అతను ఎక్కువ నమ్ముతాడు, ఎందుకంటే డబ్బు అతనిది. ఎకరం గుంటకు మనం పాటించే ఈ ఇంగితం, గట్టు దాటి సముద్రం దగ్గరికి వచ్చేసరికి ఎటు పోతోంది?

ఇక నీళ్ల పరీక్ష. తీర జలాలకు పర్యావరణ పరిరక్షణ నిబంధనల కింద కేంద్రం పెట్టిన తరగతులు ఐదు. షికారుకు, స్నానాలకు పనికొచ్చే నీళ్లకు వర్తించే రెండో తరగతిలో పీహెచ్, కరిగిన ఆక్సిజన్, బురద, మలసంబంధ బాక్టీరియా లాంటివి ఉన్నాయి. లోహాల ఊసు లేదు. ఆ లెక్కన మైపాడు బీచ్ మంచి బీచ్ అని ఎవరైనా అంటే, మునిగితే ఒళ్లు చెడదని మాత్రమే అర్థం. చేపల పెంపకానికి, ఉప్పు మడులకు ఉద్దేశించిన మొదటి తరగతిలో పాదరసం, సీసం, కాడ్మియం కనిపిస్తాయి, ఒక్కోదానికి లీటరుకు 0.01 మిల్లీగ్రాము. ఆ అంకె దేని మీద ఆధారపడిందో కూడా పక్కనే రాసి ఉంది. ఉప్పులో, చేపలో ఎంత చేరుతుంది, మనిషి రోజుకు ఎంత తింటాడు, ఎంత ఒంట్లోకి పోతే జబ్బు లక్షణాలు బయటపడతాయి అన్నవి దాని కొలబద్దలు. మనిషి జబ్బును ఆపడానికి గీసిన గీత అది. చేప జబ్బు గురించి దానికి పట్టింపే లేదు. ఆ గీతను చూపించి చేప క్షేమంగా ఉందనడం, ఆంధ్రా బస్సు టికెట్టు పట్టుకుని రైలెక్కడమే.

నీటి నమూనాకు ఇంకో బలహీనత ఉంది. సీసా ముంచిన క్షణాన ఆ చోట ఉన్న నీటి సంగతే అది చెప్పగలదు. లోహాలు నీళ్లలో ఎక్కువసేపు తేలుతూ ఉండవు. సన్నటి బంకమట్టి రేణువులకు అంటుకుని అడుక్కు దిగిపోతాయి. అడుగు మట్టిని పురుగులు, నత్తలు, రొయ్య పిల్లలు మేస్తాయి. వాటిని జెల్ల మేస్తుంది. వానకు పెన్న పొంగినప్పుడో, తుపానుకు అడుగు కలగబడినప్పుడో పాత బాకీ మళ్లీ పైకి లేస్తుంది. పరీక్షకు సీసా ముంచే మనిషి ఆ రోజు రాడు, సముద్రం బాగాలేదు కాబట్టి. చేప మాత్రం అక్కడే ఉంటుంది. నెలల తరబడి తాగిందీ తిన్నదీ దాని కాలేయంలో జమ అవుతూ ఉంటుంది.

‘పరిమితి లోపే’ అన్న మాట ఎంత మోసగించగలదో తెలుసుకోవాలంటే అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రం దాకా పోవాలి. బెల్యూస్ అనే సరస్సును ఒక బొగ్గు విద్యుత్ కేంద్రం చల్లదనం కోసం కట్టారు. 1970ల నడుమ నుంచి బూడిద చెరువు నీళ్లు అందులోకి వదిలారు. ఆ నీళ్లలో సెలీనియం ఉంది. దాన్ని పక్కా లోహం అనరు గాని, బొగ్గు బూడిదలో లోహాల తోడుదొంగ. సరస్సు నీటిలో దాని సాంద్రత లీటరుకు సుమారు 10 మైక్రోగ్రాములు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 సెలీనియానికి ఇచ్చిన పరిమితి కూడా సరిగ్గా అంతే. ఆ ఒక్క అంకె మీద తీర్పు చెప్పమంటే, చెంబుతో ముంచుకుని తాగొచ్చని ఇవాళ మన లాబొరేటరీ సంతకం పెడుతుంది. ఆ సరస్సులో ఉన్న ఇరవై జాతుల చేపల్లో అత్యధిక భాగం కొన్నేళ్లలోనే కనుమరుగయ్యాయి. పెద్ద చేపలు తెల్లారేసరికి వెల్లకిలా తేలి ఊరంతా గగ్గోలెత్తిన ఉదంతం కాదది. పెద్దవి మామూలుగానే ఈదుతుండగా, పిల్లలు రావడం ఆగిపోయింది. వచ్చినవి వంకర వెన్నుతో, ఉబ్బిన పొట్టతో వచ్చాయి. 1980ల నడుమ బూడిద నీళ్లు ఆపేశారు. పదేళ్ల తర్వాత చూసినా అడుగు మట్టిలో సెలీనియం ఉండనే ఉంది.

పిల్లలెందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు మళ్లీ కాలేయం దారిలోనే ఉంది. ఆడచేప జనకు కావలసిన సొన అండాశయంలో మొదలవదు. విటెల్లోజెనిన్ అనే సొన ప్రొటీన్ కాలేయంలో తయారై, రక్తం గుండా అండాశయానికి పోతుంది. సెలీనియం గంధకం వేషంలో ఆ ప్రొటీన్‌లోకి దూరి గుడ్డుకు చేరుతుంది. కాడ్మియం ఇంకో పని చేస్తుంది, ఆ ప్రొటీన్ తయారీకే అడ్డం పడుతుంది. ఏదైనా ఫలితం ఒక్కటే. కార్జం చెడిన చేప తాను బతికి, తన సంతతిని పోగొట్టుకుంటుంది.

‘చేపలు చావడం లేదు కదా’ అనేవారికి నా జవాబు ఇదే. మూకుమ్మడిగా చేపలు తేలడం మామూలుగా ఆక్సిజన్ పడిపోయినప్పుడో, ఒక్కసారిగా విషం కలిసినప్పుడో జరుగుతుంది. లోహం చంపే తీరు అది కాదు. ఈ ఏడాది చావని చేప మరో నాలుగేళ్లకు పుట్టని చేపగా లెక్కకు వస్తుంది. అప్పుడు వల తేలిగ్గా పైకి వస్తే, ‘వేట ఎక్కువైంది’, ‘సముద్రం వేడెక్కింది’ అని కారణాలు చెబుతారు. అవీ నిజమే కావొచ్చు. ఆ జాబితాలో కాలేయం పేరు ఎందుకు ఉండదు అనేదే ప్రశ్న.

మన ప్రభుత్వానికి చేప సంతానం విలువ తెలియదా అంటే, బాగా తెలుసు. గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిలిపేస్తారు. ఆ కాలానికి మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతిని 2025లో మన రాష్ట్రం 20 వేల రూపాయలకు పెంచింది. మంచిదే. జాలరిని మాత్రం ఇంట్లో కూర్చోబెట్టి, ఆ సొన తయారయ్యే కార్జంలో ఏముందో చూడకపోవడం ఏం న్యాయం? పైగా ఆ నిషేధం మొదలయ్యే రోజులు, ప్రవాహం కృష్ణపట్నం వైపు నుంచి ఉత్తరానికి సాగే రోజులే. వల వేయడానికి సెలవుంది, బూడిద చెరువుకు సెలవు లేదు.

చేప ముక్క సంగతికొద్దాం. ఇక్కడ ప్రత్యర్థులకు ఒక పాయింటు ఇచ్చేయాలి. పాదరసం విషయంలో ముక్క మంచి సాక్షే. మిథైల్ పాదరసం కండలోనే ఎక్కువగా చేరుతుంది. 1956లో జపాన్‌లోని మినమాటాలో బయటపడిన ఘోరం, తిన్న చేప మాంసం ద్వారానే మనుషులకు చేరింది. సొర, వంజరం లాంటి పెద్ద వేట చేపల్లో పాదరసం చూడాలంటే కండనే కోయాలి. కాడ్మియం, రాగి, జింకు తీరు వేరు. అవి కాలేయంలో, మూత్రపిండంలో గుట్టపడతాయి, కండకు వచ్చేది చాలా తక్కువ. కాలేయం నిండుతున్నా ముక్క చాలాకాలం శుభ్రంగానే కనిపిస్తుంది. కాలేయం తన పని చేస్తోందనడానికి గుర్తు ఆ శుభ్రత. దాన్నే కాలుష్యం లేదనడానికి రుజువుగా చూపిస్తున్నారు.

ఐరోపా సమాఖ్య చేపల్లో కాడ్మియానికి పెట్టిన పరిమితి కూడా కండరానికే వర్తిస్తుందని అందులో స్పష్టంగా రాసుంటుంది. తినేవాడి కోసం రాసిన నియమం కాబట్టి అది సబబే. అదే ఐరోపా, సముద్రం ఆరోగ్యం చూడాల్సి వచ్చినప్పుడు మాత్రం కొలత మారుస్తుంది. ఈశాన్య అట్లాంటిక్ రక్షణకు 1992లో 15 ప్రభుత్వాలు, ఐరోపా సమాఖ్య కలిసి చేసుకున్న ఓస్పార్ ఒప్పందం కింద పాదరసాన్ని చేప కండలో కొలుస్తారు, కాడ్మియం, సీసాలను చేప కాలేయంలో కొలుస్తారు. ఉత్తర సముద్రంలో డాబ్ అనే చదును చేపను పట్టి, కాలేయం మీద గడ్డలున్నాయా అని దశాబ్దాలుగా చూస్తున్నారు. తినేవాడికి ఒక పరీక్ష, సముద్రానికి ఇంకో పరీక్ష. మనం మొదటిదాని ఫలితాన్ని రెండోదాని ఖాతాలో రాసుకుంటున్నాం.

‘సరే, కార్జం ఎవరు తింటారు సామీ, పిల్లికేస్తాం గదా’ అంటారు. రేవులో అడిగితే చేపలు కోసే అక్కలూ అదే అంటారు, చేదుకట్టు పగలకుండా పొట్ట లాగేస్తూ. వంజరం కొనుక్కునే ఇంటికి ఆ మాట చెల్లుతుంది. నెత్తళ్లు కొనుక్కునే ఇంటికి చెల్లదు. ఎండు నెత్తళ్లను తలా పొట్టా తీసి వండేదెవరు? కార్జంతో సహా కూరలో పడతాయి. రొయ్య తలల రసం ఇష్టంగా తాగుతాం, ఆ రుచి హెచ్‌పీదే. పీత డిప్పలోని గుజ్జు కోసం పిల్లలు కొట్టుకుంటారు, అదీ ఆ అవయవమే. ఐరోపాలో పీతకు పెట్టిన కాడ్మియం పరిమితి కూడా కాళ్లలో ఉన్న తెల్ల కండకే వర్తిస్తుంది. డిప్పలోని గోధుమరంగు గుజ్జులో కాడ్మియం ఎక్కువుండొచ్చు, చూసి తినండని 2011లో అక్కడ విడిగా సూచన చేయాల్సి వచ్చింది. ఇక అమ్ముడుపోని చిన్నాచితకా చేపంతా ఎండి, పొడై, మేతగా మారుతుంది. అందులో కార్జాలు ఏరి పారేసేవాడు లేడు. పారేశామనుకున్నది గుంటలోకే తిరిగి వస్తోంది. ఎంత ఖరీదు తక్కువ చేపో, దాని లోపలి భాగం అంతగా కడుపులోకి పోతుందన్న లెక్క, పరిమితులు రాసే గదుల్లో ఎవరికైనా తట్టిందో లేదో.

ఎగుమతుల మాట కూడా ఇందులో కలిపేస్తుంటారు. ‘అమెరికా వాడే తింటున్నాడు, మనకేం?’ అని. మన జిల్లా నుంచి ప్రధానంగా పోయేది గుంటల్లో పెంచిన వెనామీ, అదీ ఎక్కువ భాగం తల తీసి. కొనేవాడి పరీక్షల్లో ముందుండే గొడవ యాంటీబయాటిక్స్. తలలేని గుంట రొయ్య తెచ్చుకున్న సర్టిఫికెట్టును సముద్రపు జెల్లకు తగిలించడం కుదరదు.

‘సముద్రం ఎంతో పెద్దది, అన్నీ కలిపేసుకుంటుంది’ అనే మాటకు నెల్లూరులో ఎవరైనా తలూపితే నాకు ఆశ్చర్యం. ఈ జిల్లా ఆ మాటకు ఒకసారి ఖరీదు కట్టింది. 1990ల మొదట్లో టైగర్ రొయ్యల జోరులో ఒక గుంట వదిలిన నీళ్లనే అదే ఉప్పుటేటి నుంచి ఇంకో గుంట తోడుకుంది. ఉప్పుటేరు అంతా కడిగేస్తుందని నమ్మారు. 1994లో తెల్లమచ్చ వచ్చింది, ఊళ్లకు ఊళ్లు మునిగాయి. అది వైరస్, లోహం కాదు, నిజమే. కాని పారేసిన నీళ్లు దూరం పోవని, కాళ్ల దగ్గరే తిరుగుతాయని నేర్పిన పాఠం అదే. 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర ప్రాంత రొయ్యల సాగు మీద తీర్పిచ్చేనాటికి మనకు ఆ పాఠం చెప్పక్కర్లేకుండానే వచ్చేసింది. బంగాళాఖాతం పెద్దదే. మన జాలరి వేసే వల, చేప పిల్లలు పెరిగే ఉప్పుటేరు, బురద చేరే అడుగు, ఇవన్నీ ఒడ్డు అంచున సన్నటి పట్టీలో ఉన్నాయి. లోహం చేరేదీ ఆ పట్టీలోకే.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఇంకోటుంది. దాన్ని తేలిగ్గా తీసుకోలేను. ‘ఇట్లా రాస్తే చేప అమ్ముడుపోదు. పట్టపుపాళేల్లో పొయ్యి వెలగదు. కంపెనీకి ఏం కాదు, దెబ్బ జాలరికే.’ ఇది నిజమైన భయం. 2018 జులైలో చేపలకు ఫార్మలిన్ రసాయనం పట్టిస్తున్నారన్న గోల రేగినప్పుడు అస్సాం మన రాష్ట్రపు చేపలను కొన్నాళ్లు నిషేధించింది. అక్కడ ఎవరు తప్పు చేశారన్నది తేలేలోపే ఇక్కడ ధర పడింది. అయితే ఆ ఉదంతం నుంచి నేను నేర్చుకున్న పాఠం వేరు. ఊరూరా, నెలనెలా, అందరికీ తెలిసేలా కొలతలు ఉన్న సరుకును ఒక పుకారు అంత తేలిగ్గా పడగొట్టలేదు. కొలతలు లేని సరుకుకు ఎవడో తీసిన ఒక్క వీడియో చాలు. మౌనం జాలరిని కాపాడుతుందనుకోవడం పొరపాటు. అది కాపాడేది నీళ్లు వదిలేవాణ్ని. వేట తగ్గితే నష్టపరిహారం అడగడానికి జాలరి చేతిలో కాగితం ఉండదు, ‘చేపలు చావలేదు కదా’ అన్న జవాబే మిగులుతుంది. కాలేయంలో లోహం ఎంతుందో ఏటా రాసిన పుస్తకం ఉంటే, పెరిగినప్పుడు ఏ కాలంలో, ఏ వైపు నుంచి పెరిగిందో అతను వేలు పెట్టి చూపగలడు. పెరగకపోతే అది కూడా అతనికి లాభమే, చేపను ధీమాగా అమ్ముకుంటాడు. ఈ కొలతకు భయపడాల్సింది అతను కాదు.

దీనికి కొండల్ని తవ్వక్కర్లేదు. జూన్ 15న వేట మళ్లీ మొదలైన వారంలో ఒకసారి, ఈశాన్య వానలు వెనక్కి తగ్గాక జనవరిలో ఒకసారి. పెన్న మొగ, మైపాడు, కృష్ణపట్నం మూడు చోట్లా అడుగున మేసే జెల్ల, గుంపుగా తిరిగే కానాగంత, మొత్తంగా తినే నెత్తళ్లు. పోల్చుకోవడానికి రేవులకూ బూడిద చెరువులకూ దూరంగా ఉన్న ఇంకో తీరం. కాలేయంలో కాడ్మియం, సీసం, రాగి. కండలో పాదరసం. కొన్ని కాలేయాలను పలుచగా కోసి, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూడటం. చేప బరువులో కాలేయం బరువెంతో తూచడం, దానికి త్రాసు చాలు. నెల్లూరులో 2008 నుంచి విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. సముద్ర జీవశాస్త్రం చదివే పిల్లలున్నారు. చేపను చూడగానే పేరూ ఊరూ చెప్పగల జాలరులున్నారు.

డబ్బెవరిస్తారనేది చివరి సాకు. పర్యావరణ అనుమతి తీసుకున్న ప్రతి ప్రాజెక్టూ షరతులు పాటిస్తున్నట్టు ఆరునెలలకొకసారి, జూన్ 1కి, డిసెంబరు 1కి నివేదిక ఇవ్వాలని 2006 నాటి నోటిఫికేషన్ చెబుతోంది. ఆ నివేదికల్లో గాలి, నీరు, చప్పుడు, నాటిన మొక్కల సంఖ్య దాకా గళ్లుంటాయి. తీరంలో బొగ్గు దించేవాళ్లు, కాల్చేవాళ్లు ఇచ్చే నివేదికలో ‘చేప కాలేయం’ అని ఇంకొక గడి చేర్చి, ఆ పరీక్ష ఖర్చు వాళ్లతోనే పెట్టించి, నమూనా తీసే పని మాత్రం వాళ్ల చేతిలో పెట్టకుండా విశ్వవిద్యాలయానికి అప్పగించి, వచ్చిన అంకెలను తెలుగులో మైపాడు రేవు దగ్గర బోర్డు మీద రాయమని కాలుష్య నియంత్రణ మండలి ఆదేశించొచ్చు. దానికి కొత్త చట్టం అవసరం లేదు, అనుమతి పత్రంలో ఒక షరతు చాలు.